మంద్రానికో చిన్న పెట్టె

విజయవాడ,
ఆదివారం.

ప్రియమైన మూర్తికి,

బెంగళూరులో కొత్త ఫ్లాట్‌లోకి మారారనీ, వెనకగది పూర్తిగా నీ పాటలకే వదిలేయడానికి చెల్లెమ్మ ఒప్పుకుందనీ రాశావు. అదృష్టవంతుడివి. ఇక్కడ మా ఇంట్లో స్పీకర్లకీ బట్టలారేసే స్టాండుకీ మధ్య రోజూ సరిహద్దు తగాదానే.

ఉన్న రెండు చిన్న స్పీకర్లకి తోడుగా ఒక చిన్న సబ్‌వూఫర్ కొందామనుకుంటున్నావు, ఏది కొనాలని అడిగావు. ఫోన్లో చెబితే సగం చెవిన పడదు, మిగతా సగం మర్నాటికి గుర్తుండదు. దగ్గర పెట్టుకుని చూసుకునేలా రాస్తున్నాను. జవాబు ముందే చెప్పేస్తా: కొను. కానీ పెద్దది వద్దు. పెట్టె ఎంచుకోవడానికి ఒక పూట చాలు. దాన్ని గదిలో ఎక్కడ పెట్టాలో తేల్చుకోవడానికి మాత్రం ఒక పూర్తి ఆదివారం కేటాయించు. డబ్బు పెట్టెకి పెడతాం గానీ ఫలితం ఇచ్చేది చోటే.

అసలు నీకది అవసరమా అన్నది ముందు చూద్దాం. నీ స్పీకర్లలో ఉన్నది అయిదంగుళాల కోన్. అలాంటివి మామూలుగా 55, 60 హెర్ట్జ్ దాకా దిగి అక్కడ చేతులెత్తేస్తాయి. బేస్ గిటార్ అట్టడుగు తీగ 41 హెర్ట్జ్. పియానో ఎడమ చివరి మెట్టు 27.5. ఒకటి శ్రుతిలో పాడే గాయకుడి వెనక తంబురాలో మంద్ర షడ్జమం తీగ సుమారు 65 హెర్ట్జ్. అంటే తంబురా నీ స్పీకర్లకి అంచులో అందుతుంది, బేస్ గిటార్ కింది తీగ అందదు.

అందకపోయినా నీకు ఇన్నాళ్లూ లోటు తెలియలేదు కదా? దానికి కారణం చెవి చేసే ఒక గారడీ. 41 హెర్ట్జ్ స్వరంతో పాటు 82, 123, 164 దగ్గర దాని పైస్వరాలు కూడా మోగుతాయి. అవి వినబడితే చాలు, లేని మొదటి స్వరాన్ని మెదడు తనంతట తనే ఊహించుకుని ‘ఇది ఫలానా స్వరం’ అని నిర్ణయించేస్తుంది. అరచేతిలో పట్టే ట్రాన్సిస్టర్‌లో కూడా బేస్ గిటార్ వాయించిన వరస మనకి తెలిసేది అందుకే. స్వరమేదో తెలుస్తుంది గానీ దాని బరువు తెలియదు. ఆ బరువు కోసమే సబ్‌వూఫర్. ఇళయరాజా పాటల్లో బేస్ గిటార్ గాయకుడి వరసని అంటిపెట్టుకుని నడవదు, కింద తన పాట తను పాడుకుంటుంది. ‘గీతాంజలి’ పాటలు పెట్టి చూడు, బేస్ పాడే ఆ రెండో పాట ఎంత దూరం నడుస్తుందో అప్పుడు తెలుస్తుంది.

పాటల కోసం పెట్టుకునే సబ్‌కీ సినిమాల కోసం పెట్టుకునేదానికీ తేడా ఉంది. సినిమాకి 5.1లో బాంబులకీ భూకంపాలకీ ఒక ప్రత్యేక చానెల్ ఉంటుంది. అక్కడ సబ్ తనని తాను చాటుకోవాలి. పాటకి అలాంటి చానెల్ లేదు. ఉన్నదంతా ఎడమ, కుడి రెండింట్లోనే. అక్కడ సబ్ చేయాల్సింది కచేరీలో తంబురా చేసే పని. తంబురా బాగా వాయించారని మెచ్చుకుంటూ ఎవరూ ఇంటికి వెళ్లరు, కానీ తీగ కాస్త జారితే సభంతా తలెత్తి చూస్తుంది. నీ ఇంటికొచ్చినవాడు ‘సబ్ భలే ఉందిరా’ అంటే అది ఎక్కువైందని అర్థం. ‘ఈ చిన్న స్పీకర్లలోంచి ఇంత నిండుగా వస్తోందేంటి’ అంటే సరిగ్గా కుదిరిందని అర్థం.

ఇక పెట్టె సంగతి. మంద్రాన్ని పుట్టించడమంటే గాలిని తొయ్యడం. ఒక స్థాయి కిందికి దిగిన ప్రతిసారీ, అంటే 80 నుంచి 40కి, 40 నుంచి 20కి, అంతే జోరుగా వినబడాలంటే నాలుగు రెట్లు గాలి కదలాలి. అందుకే అడుగుకి దిగేకొద్దీ కోన్ పెద్దదో, లేకపోతే దాని ఊపు పెద్దదో కావాలి. ఇందులో తప్పించుకోలేని లెక్క ఒకటుంది. 1957లో అమెరికాలో మొదలైన కేఎల్‌హెచ్ స్పీకర్ కంపెనీ పేరులో హెచ్ అంటే జోసెఫ్ ఆంటన్ హాఫ్‌మన్. ఆ లెక్క ఆయన పేరు మీదే ఉంది: చిన్న పెట్టె, లోతైన మంద్రం, తక్కువ కరెంటుతో ఎక్కువ శబ్దం, ఈ మూడింట్లో ఏవో రెండే దక్కుతాయి. చిన్న పెట్టెలో లోతైన మంద్రం కావాలంటే వాట్లు కుమ్మరించాల్సిందే.

ఇప్పటి చిన్న సబ్‌ల మీద అంతంత వాట్ల అంకెలు కనబడేది అందుకే. కెఫ్ కేసీ62 చూడు. ఒక్కో వైపు సుమారు పది అంగుళాలే, 14 కిలోలు, ఆరున్నర అంగుళాల కోన్లు రెండు, లోపల 1000 వాట్ల ఆంప్లిఫయర్. ఎస్‌వీఎస్ 3000 మైక్రో దానికన్నా కాస్త పెద్దది. ఎనిమిదంగుళాల కోన్లు రెండు, 800 వాట్లు. అదే ఎస్‌వీఎస్ వాళ్ల ఎస్‌బీ-1000 ప్రోలో ఒకే పన్నెండంగుళాల కోన్, దానికి 325 వాట్లే. పెట్టె పెద్దది కాబట్టి తక్కువ వాట్లతోనే పని జరిగిపోతుంది. రెల్ టీ/5ఎక్స్‌లో ఎనిమిదంగుళాల కోన్ నేలవైపు తిరిగి ఉంటుంది, 125 వాట్లు. అది మరీ అడుగుకి దిగాలని చూడదు, చిన్న స్పీకర్లతో కలిసిపోవడమే దాని పని. కాబట్టి వాట్లు చూసి ఏది గొప్పదో తేల్చకు. చవక సెట్ల డబ్బా మీద వేల అంకెలతో ‘పీఎంపీఓ’ అని కొట్టేది మరీ మోసం. నిలకడగా ఎంత శక్తి ఇస్తుందో ఆ అంకె చెప్పదు.

కేసీ62లోనూ 3000 మైక్రోలోనూ రెండు కోన్లు ఒకదానికొకటి వీపు చూపిస్తూ ఎదురెదురు దిక్కుల్లో కొడతాయి. ఒకటి అటు తన్నినప్పుడు ఇంకొకటి ఇటు తన్నుతుంది కాబట్టి పెట్టె అదరదు. పైన రూపాయి బిళ్ల నిలువుగా నిలబెట్టి పాట పెట్టినా పడదు. మేడ మీద ఫ్లాట్‌లో ఉండేవాడికి ఇది పనికొచ్చే గుణమే, పెట్టె కుదుపు నేరుగా స్లాబులోకి దిగదు. గాలిలో వెళ్లే శబ్దాన్ని మాత్రం అది ఆపలేదు. దాని సంగతి తర్వాత రాస్తాను.

పెట్టెకి రంధ్రం ఉన్నది కొనాలా, మూసినది కొనాలా అంటే, నీ గదికి మూసినదే. రంధ్రమున్నవాటిలో ఒక హద్దు దాకా శబ్దం బాగా వచ్చి, ఆ హద్దు దాటగానే నిట్టనిలువుగా పడిపోతుంది, ఒక స్థాయికి 24 డెసిబెల్స్ చొప్పున. మూసిన పెట్టెలో తగ్గుదల ముందే మొదలవుతుంది గానీ అందులో సగం వాలుతోనే, 12 చొప్పున. చిన్నగదిలో దీనివల్ల లాభముంది. గది పొడవుకి తగ్గ ఒక హద్దు కింద నాలుగ్గోడలూ కలిసి గాలిని నొక్కిపట్టి మంద్రాన్ని పెంచుతాయి. పెట్టె తగ్గించిన చోట గది పెంచుతుంది. రెండూ చాలావరకు చెల్లుకుపోతాయి.

ఇంకో విషయం. అమెరికా వాళ్ల సమీక్షలు చదివి ‘ఈ చిన్నది చాలదేమో’ అని బెంగపడకు. వాళ్ల ఇళ్లలో చాలావరకు చెక్క చట్రానికి జిప్సం పలకలు కొట్టిన గోడలు. అవి మంద్రానికి కాస్త ఊగుతాయి, కాస్త బయటికి వదిలేస్తాయి. మన ఇటుక గోడా, కాంక్రీటు స్లాబూ ఊగవు, వచ్చినదాన్ని వచ్చినట్టే గదిలోకి తిప్పికొడతాయి. అక్కడ బలహీనమనిపించిన పెట్టె ఇక్కడ నీ పదడుగుల గదిలో సరిపోతుంది. అక్కడ సరిపోయింది ఇక్కడ గుయ్యిమంటుంది.

మీ తమ్ముడు డల్లాస్ నుంచి తెచ్చిస్తానన్నాడని రాశావు. బరువు సమస్య కాదు, పద్నాలుగు కిలోలది సూట్‌కేసులో పట్టేస్తుంది. సమస్య కరెంటు. అక్కడ 120 వోల్టులు, ఇక్కడ 230. కొన్నిట్లో వెనకాల మార్చుకునే స్విచ్ ఉంటుంది, కొన్ని తామే సర్దుకుంటాయి, కొన్ని అక్కడికే పనికొస్తాయి. వెనక పలక మీద ‘100-240’ అని గానీ, ఆ మార్చుకునే స్విచ్ గానీ ఉందో లేదో ఫొటో తీసి పంపమను. రెండూ లేకపోతే వద్దను. వారంటీ కూడా ఇక్కడ సాధారణంగా చెల్లదు. ఆంప్లిఫయర్ లోపలే ఉన్న వస్తువు కాబట్టి రిపేరు వస్తే ఎవరి దగ్గరికి పోవాలన్నది ముందే ఆలోచించు. నన్నడిగితే ఇక్కడే, బిల్లుతో కొనుక్కో.

కలపడం తేలిక. నీ పాత స్టీరియో ఆంప్లిఫయర్‌కి ‘సబ్ అవుట్’ లేదన్నావు. ఫరవాలేదు. స్పీకర్ వైర్లు బిగించిన టెర్మినళ్ల నుంచే ఇంకో వైరు తీసి సబ్‌కి ఇచ్చే పద్ధతి ఉంది. దాన్ని హై లెవెల్ అంటారు. రెల్ వాళ్లు మొదటినుంచీ ఎక్కువగా చెప్పేది ఈ పద్ధతే. ఇందులో ఆంప్లిఫయర్ మీద భారం దాదాపు పడదు, వాల్యూమ్ నువ్వు ఎంత తిప్పితే సబ్ కూడా అంతే పెరుగుతుంది, తగ్గుతుంది. ఒక్క జాగ్రత్త: నీ ఆంప్లిఫయర్ క్లాస్ డీ అయినా, బ్రిడ్జి చేసినదైనా, నల్ల తీగ ఎక్కడ కలపాలన్నది మారుతుంది. మాన్యువల్ చూడకుండా తగిలించకు. నువ్వు ఎంచుకునే సబ్‌కి హై లెవెల్ ఇన్‌పుట్ ఉందో లేదో కూడా కొనేముందే చూసుకో, కొన్నిట్లో దానికి విడిగా ఒక అడాప్టర్ కొనాలి. మామూలు ఆర్‌సీఏ తీగతో కలిపేలా ఉంటే మధ్యరకం షీల్డెడ్ తీగ చాలు. మంద్రాన్ని మోసుకెళ్లడానికి బంగారు పూత తీగ అక్కర్లేదు. ఆ డబ్బుతో పాటలు కొనుక్కో.

ఇప్పుడు గది. నీ గది 12 అడుగులు, 10 అడుగులు, ఎత్తు కూడా 10 అని రాశావు. టేపు పెట్టి కొలిచి రాసినందుకు సంతోషం. శబ్దం సెకనుకి సుమారు 343 మీటర్లు పోతుంది. దాన్ని గది కొలతకి రెట్టింపుతో భాగిస్తే ఆ దిక్కున గది ఏ స్వరానికి ఊగుతుందో వస్తుంది. 12 అడుగులంటే 3.66 మీటర్లు, జవాబు 47 హెర్ట్జ్. 10 అడుగులంటే 3.05, జవాబు 56. వెడల్పూ ఎత్తూ ఒకటే కాబట్టి 56 రెండుసార్లు వచ్చింది. అదే నీ గదిలో తంటా. బేస్ గిటార్‌లో రెండో తీగ ఊరికే మీటితే 55 హెర్ట్జ్. అంటే ఆ తీగ మోగినప్పుడల్లా గది దానికి వంతపాడి గుయ్యిమంటుంది, పక్క స్వరాలకి మామూలుగా ఉంటుంది. పాటలో ఒక్క స్వరమే ఉబ్బి మిగతావి కుంగినట్టుంటే నేరం పెట్టెది కాదు, గదిది.

ఈ ఊపులకి ఒక గుణముంది. గోడల దగ్గర ఎక్కువ, సరిగ్గా నడిమధ్య దాదాపు సున్నా. 12 అడుగుల గదిలో సరిగ్గా ఆరో అడుగు దగ్గర కుర్చీ వేసుకుంటే 47 హెర్ట్జ్ మాయమైపోతుంది. వెనక గోడకి ఆనించి కూర్చుంటే అదే మోత మోగుతుంది. రెండూ వద్దు. వెనక గోడకి నాలుగు అడుగుల దూరంలో కుర్చీ వెయ్యి. అక్కడ ఆ ఊపు దాదాపు సగం ఉంటుంది, చెవికి ఇబ్బంది లేదు. పెట్టె కొనకముందే ఈ పని చేసి చూడు, ఉన్న స్పీకర్లే కొత్తగా వినబడతాయి.

సబ్‌ని నడిమధ్య పెడితే ఆ దిక్కు ఊపు లేవదు. అందుకని నీ గదిలో మొదటి ప్రయత్నంగా స్పీకర్లున్న పదడుగుల గోడకి సరిగ్గా మధ్యలో, రెండు స్పీకర్ల నడుమ పెట్టి చూడు. వెడల్పు వల్ల వచ్చే 56 అణిగిపోతుంది. ఎత్తు వల్ల వచ్చే 56 ఉంటుంది, దాన్నేమీ చెయ్యలేం. అయితే కూర్చున్న మనిషి చెవి నేలకి మూడున్నర అడుగుల ఎత్తులో ఉంటుంది కాబట్టి అక్కడ దాని జోరు కూడా సగానికి తగ్గి ఉంటుంది. మూలన మాత్రం పెట్టకు. గది మూలన పెట్టిన సబ్ మూడు దిక్కుల ఊపుల్నీ ఒకేసారి లేపుతుంది. శబ్దం ఎక్కువ వస్తుంది, అమ్మేవాడు అదే చూపించి అమ్ముతాడు. పాటకి అది పనికిరాదు.

నా లెక్క లెక్కే. నీ గదిలో తలుపు ఎటుందో, అలమరా ఎటుందో నాకు తెలియదు. కాబట్టి చెవితో తేల్చుకో. పద్ధతి ఇది: సబ్‌ని నువ్వు కూర్చునే కుర్చీ మీదే పెట్టు, కింద ఒక గట్టి పలక వేసి. బేస్ గిటార్ కిందికీ పైకీ నడిచే పాట ఒకటి తిప్పి తిప్పి మోగనివ్వు. ఇప్పుడు నువ్వు సబ్ ఉండే ఎత్తుకి చెవి దించి, మోకాళ్ల మీద గోడల వెంబడి పాకు. నవ్వకు, ఇందులో సిగ్గేమీ లేదు. ఒకచోట ఒక్క స్వరమే గూబ గుయ్యిమనిపిస్తుంది. రెండడుగులు జరిగితే అదే స్వరం అసలు వినబడదు. ఇంకాస్త జరిగితే, కిందినుంచి పైకి ఎక్కే వరసలో ప్రతి మెట్టూ ఇంచుమించు ఒకే జోరుతో, విడివిడిగా వినబడే చోటు ఒకటి తగులుతుంది. అక్కడ చాక్‌పీసుతో గీత గీయి. సబ్ చోటు అదే. శబ్దం ఇటునుంచి అటు ఎలా పోతుందో అటునుంచి ఇటూ అలాగే వస్తుంది కాబట్టి, కుర్చీలో పెట్టి మూలన విన్నా, మూలన పెట్టి కుర్చీలో విన్నా ఒకటే. చెల్లెమ్మ గుమ్మంలో నిలబడి చూస్తే చూడనీ.

గోడకి కోడిగుడ్ల అట్టలు కొడితే బాగుంటుందని ఎవరో చెప్పారని రాశావు. మంద్రానికి అవి ఉన్నా లేనట్టే. 47 హెర్ట్జ్ తరంగం పొడవు ఏడు మీటర్లకి పైన. దాన్ని రెండంగుళాల అట్టా ఆపలేదు, పరదా కూడా ఆపలేదు.

చోటు కుదిరాక మూడు మీటలు సరిచెయ్యాలి. మొదటిది క్రాసోవర్, అంటే సబ్ ఎక్కడిదాకా పాడాలన్నది. సినిమాల్లో 80 హెర్ట్జ్ అలవాటు. నీ స్పీకర్లు తమంతట తామే 60 దాకా దిగుతాయి కాబట్టి 55, 60 దగ్గర మొదలుపెట్టు. 100కి పైన పెడితే శబ్దం ఎటునుంచి వస్తోందో చెవికి తెలిసిపోతుంది, మగగొంతు కొంత పెట్టెలోంచి వస్తున్నట్టు ఉంటుంది.

రెండోది ఫేజ్. సబ్ కోన్ ముందుకు తోస్తున్నప్పుడు స్పీకర్ కోన్ వెనక్కి లాగుతుంటే రెండూ ఒకదాన్నొకటి చంపుకుంటాయి. 60 హెర్ట్జ్ తరంగం పొడవు అయిదున్నర మీటర్లకి పైన, అందులో సగం దూరం తేడా వస్తే ఇది వచ్చిపడుతుంది. ఫోన్‌లో టోన్ జనరేటర్ యాప్ పెట్టి 60 హెర్ట్జ్ మోగించు. పిల్లవాణ్ని స్విచ్ దగ్గర కూర్చోబెట్టి సున్నాకీ నూటఎనభైకీ మార్చమను. కుర్చీలో కూర్చున్న నీకు ఎక్కడ ఎక్కువ వినబడితే అదే సరైనది. ఇందులో అభిరుచికి తావులేదు.

మూడోది లెవెల్, అందరూ చెడగొట్టేది ఇక్కడే. బేస్ దంచికొట్టే పాట వద్దు. మామూలు పాట, బేస్ గిటార్ నిదానంగా నడిచేది ఒకటి పెట్టు. సున్నా నుంచి మెల్లగా పెంచు. ‘ఆ, సబ్ మోగుతోంది’ అని తెలిసిన క్షణంలో ఆపి, ఒక గీత వెనక్కి తగ్గించు. ఆపైన వారంపాటు ముట్టుకోకు. తర్వాత పాట మధ్యలో సబ్‌ని కట్టెయ్యి. మోత పోయినట్టు కాకుండా గది చిన్నదైపోయినట్టు, గాయకుడు ఒకడుగు వెనక్కి జరిగినట్టు అనిపిస్తే కుదిరినట్టే. రాత్రి తక్కువ శబ్దంతో వినేటప్పుడు మాత్రం కాస్త పెంచుకోవచ్చు. శబ్దం తగ్గేకొద్దీ మన చెవి మంద్రానికి ఎక్కువ చెవిటిదవుతుందని 1933లోనే ఫ్లెచర్, మన్సన్ అనే ఇద్దరు కొలిచి చూపించారు.

లెక్కలంటే నీకు సరదా కాబట్టి ఇదీ చెప్తున్నా. రూమ్ ఈక్యూ విజార్డ్ అని ఒక ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది. దానికి యూమిక్-1 లాంటి కొలత మైకు తగిలిస్తే గది గుట్టంతా గీతలో కనబడుతుంది. గీతలో పైకి లేచిన గుట్టని ఈక్వలైజర్‌తో కొయ్యి. కిందికి పడిన గుంతని మాత్రం పూడ్చాలని చూడకు. అక్కడ తరంగాలు తమని తాము రద్దు చేసుకుంటున్నాయి, ఎంత పోసినా అంతా పోతుంది, ఆంప్లిఫయర్ వేడెక్కడం తప్ప ఫలితముండదు. గుంతకి మందు చోటు మార్చడం, లేకపోతే రెండో సబ్. హార్మన్ సంస్థలో టాడ్ వెల్టీ 2002లో దీని మీదే పరిశోధన పత్రం ఇచ్చాడు. ఎదురెదురు గోడల మధ్యల్లో పెట్టిన రెండు సబ్‌లు గదిని బాగా అదుపు చేస్తాయని అందులో తేలింది. ముందుముందు డబ్బు చేతికొస్తే పెద్దదానికి మారకు, ఇలాంటిదే ఇంకోటి కొను.

కొన్ని ఇంటి చికాకులు. తగిలించగానే సన్నగా ‘మ్మ్మ్’ అని మోగితే అది మన 50 హెర్ట్జ్ కరెంటు. సబ్, ఆంప్లిఫయర్ రెండూ ఒకే స్విచ్‌బోర్డులో పెట్టు, చాలాసార్లు దాంతోనే పోతుంది. ప్లగ్గులో ఎర్త్ పిన్ను పీకెయ్యమని సలహా ఇచ్చేవాడుంటాడు. మోత పోవచ్చు, మనిషి కూడా పోవచ్చు. ఆ పని చెయ్యకు. కరెంటు పోయి ఇన్వర్టర్ మీద నడిచేటప్పుడు మాత్రమే మోగితే, ఆ ఇన్వర్టర్ స్క్వేర్ వేవ్‌దై ఉంటుంది. అప్పుడు సబ్ కట్టేసి విను. తక్కువ శబ్దంతో వింటుంటే కొన్ని సబ్‌లు పాట లేదనుకుని నిద్రపోతాయి. వెనకాల ‘ఆటో’ బదులు ‘ఆన్’లో పెట్టు.

ఇంకోటి, గదిలో వస్తువులు. బీరువా హ్యాండిల్, కిటికీ రెక్క, గోడ మీద ఫ్రేము, అలమరాలో స్టీలు గ్లాసులు, ఒక్కోటీ ఒక్కో స్వరానికి గిలగిలలాడుతుంది. ఫోన్‌లో 30 నుంచి 100 దాకా టోన్ మెల్లగా పెంచుతూ తిరుగు, దొంగలు ఒక్కొక్కరే దొరుకుతారు. ఫెల్ట్ ముక్క, రబ్బరు వాషర్ చాలు. చాలామంది సబ్‌ది అనుకుని తిట్టుకునే కరకర బీరువాది.

ఇక కింది ఫ్లాట్‌లో ఉన్న పెద్దవాళ్ల సంగతి. మాటని ఆపే గోడ మంద్రాన్ని ఆపలేదు. స్వరం సగానికి దిగితే గోడ ఆపే శక్తి సుమారు 6 డెసిబెల్స్ తగ్గుతుంది. కింద రబ్బరు మ్యాటు వేస్తే కుదుపు తగ్గుతుంది గానీ గాలిలో వెళ్లేది తగ్గదు. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం ఇళ్లుండే చోట పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ హద్దు. రాత్రంటే పది నుంచి ఉదయం ఆరు దాకా. అయితే ఆ కొలత పద్ధతి చెవి తీరుని అనుసరించేది కాబట్టి 40 హెర్ట్జ్ దగ్గర దాదాపు 35 డెసిబెల్స్ తీసేసి చూపిస్తుంది. మీటరు ప్రకారం నువ్వు నిర్దోషివే, కింద ఆ పెద్దాయనకి మాత్రం గుండెల మీద కొట్టినట్టుంటుంది. మీటరు మాట నమ్మకు. ఒకరోజు పాట పెట్టి, నువ్వే కిందికి వెళ్లి వాళ్ల హాల్లో రెండు నిమిషాలు కూర్చో. ఎక్కడిదాకా తిప్పొచ్చో అక్కడ తేల్చుకుని నాబ్ మీద గుర్తు పెట్టు.

నీ పాటల్లో ఏవి మారతాయో, ఏవి మారవో కూడా ముందే చెప్తాను, తర్వాత నన్ను తిట్టుకోకుండా. ఘంటసాల పాటలకి ఇది చేసేది దాదాపు శూన్యం. అప్పటి 78 రికార్డుల్లోకీ, సినిమా సౌండ్‌ట్రాకుల్లోకీ అట్టడుగు స్వరాలు సరిగ్గా ఎక్కేవి కావు. మీ నాన్నగారి రికార్డు ప్లేయర్ వాడుతున్నావు కాబట్టి ఇంకో మాట: వంగిన రికార్డు తిరుగుతుంటే పది హెర్ట్జ్ లోపు ఒక ఊపు పుడుతుంది, చెవికి వినబడదు గానీ సబ్ కోన్ ఆయాసపడుతూ ముందుకీ వెనక్కీ ఊగుతుంది. సబ్‌సోనిక్ ఫిల్టర్ ఉంటే వేసుకో. ఎనభైల నుంచి ఇటు వచ్చిన సినిమా పాటలకి తేడా బాగా తెలుస్తుంది. కర్ణాటక కచేరీలో మృదంగం ఎడమవైపు, రవ్వముద్ద పెట్టిన ముఖం, వేలు జార్చినప్పుడు ఇచ్చే గుంకారం నీ స్పీకర్లలోనే ఉంది. దానికి దన్ను దొరుకుతుంది. అంతకన్నా ఆశించకు.

చివరిగా నా తీర్పు. నీ గదికి, నీ స్పీకర్లకి ఎనిమిదంగుళాల కోన్ ఉన్న మూసిన పెట్టె ఒకటి చాలు. రెండు కోన్లున్న ఖరీదైన చిన్నవి గొప్పవే, కానీ ఆ ధర ప్రధానంగా పెట్టె చిన్నగా ఉన్నందుకే. నీకు పన్నెండు పదుల గది మొత్తం ఉన్నప్పుడు మూడంగుళాల చోటు కోసం అంత పెట్టక్కర్లేదు. హాల్లో సోఫా పక్కన ఇరికించాల్సి ఉంటే మాట వేరు. దుకాణంలో వినిపించిన తీరు చూసి నిర్ణయించకు, అది వాళ్ల గది. ‘ఇంట్లో వారం పెట్టుకుని చూస్తాను, కుదరకపోతే తిరిగిచ్చేస్తాను’ అని అడుగు. ఒప్పుకున్నవాడి దగ్గరే కొను.

అమ్మగారికి నమస్కారాలు చెప్పు. మోకాళ్ల నొప్పి తగ్గిందో లేదో రాయి. గది తలుపు, కిటికీ, అలమరా ఎక్కడున్నాయో చిన్న బొమ్మ గీసి వచ్చే ఉత్తరంలో పంపు. అది చూశాకే డబ్బు కట్టు.

ఇట్లు,
నీ
శ్రీను